ఉప్పునీటి అక్వేరియంలో చిట్టి నత్తలు: ఏవి ఉంచాలి, వేటిని తీసేయాలి?

సముద్రపు చేపల కోసం ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లకు రెండు మూడు నెలలు గడిచాక దాదాపు తప్పకుండా ఎదురయ్యే దృశ్యం ఇది. లైట్లు ఆర్పిన గంటా రెండు గంటలకు అద్దం మీద టార్చి వేస్తే ఆవగింజంత కొన్ని, మిరియపు గింజంత కొన్ని, చిన్న చిన్న నత్తలు పాకుతూ కనిపిస్తాయి. వాటిని ఎవరూ కొనలేదు, ఎవరూ వేయలేదు. పగలు చూస్తే ఒక్కటీ ఉండదు. కొన్ని వారాలు తిరిగేసరికి లెక్కపెట్టలేనన్ని అవుతాయి.

అక్కడి నుంచి కంగారు మొదలవుతుంది. అడిగితే ఒకరు మందు వేయమంటారు. ఇంకొకరు రాళ్లన్నీ బయటికి తీసి వేడినీళ్లలో మరిగించమంటారు. మొదటి సలహా పాటిస్తే నత్తలతో పాటు ట్యాంకులోని రొయ్యలు, పగడాలు కూడా పోతాయి. రెండోది పాటిస్తే ఇంట్లో మనుషులే ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. నిజానికి ఇలా చెప్పకుండా వచ్చే నత్తల్లో ఎక్కువ భాగం ట్యాంకుకు మేలు చేసేవే. కీడు చేసేవి కొన్ని రకాలే. వాటిని వేరుచేసి గుర్తుపట్టడానికి జంతుశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక టార్చి, రెండు మూడు రాత్రుల ఓపిక చాలు.

సూరత్‌లో ఈ కంగారుకు భాష కూడా తోడవుతుంది. గుజరాతీలో నత్తను ‘గోకళ్‌గాయ్’ అంటారు, అంటే గోకులంలోని ఆవు. మనం ‘నత్తనడక’ అన్నట్టే వాళ్లూ నిదానానికి దాన్నే ఉదాహరణగా చెబుతారు. పోలిక బాగుంది కానీ, దుకాణంలో ఆ ఒక్క మాట కిందకే వందల రకాలు వచ్చేస్తాయి. లింబాయత్, పర్వత్ పాటియా వైపు మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ‘నత్త’ అన్నా అంతే. వరి పొలంలో కనిపించేదీ, సముద్రపు రాయి మీద ఉండేదీ ఒకటే పేరు. పేరు ఒకటి కాబట్టి మందూ ఒకటే అనుకుంటాం. పొరపాటు అక్కడే జరుగుతుంది.

నీళ్లతో రావు, రాళ్లతో వస్తాయి

డుమస్, సువాలీ తీరాలు నగరానికి దగ్గర్లోనే ఉన్నా అక్కడి నీళ్లు ట్యాంకుకు నేరుగా పనికిరావు. దేశంలో అత్యధిక ఆటుపోట్లు ఖంభాత్ సింధుశాఖలోనే. భావ్‌నగర్ దగ్గర పోటుకీ ఆటుకీ మధ్య తేడా పది మీటర్లు దాటుతుంది. ఆ ఉరవడికి అడుగునున్న ఒండ్రు ఎప్పుడూ కలియబడుతూనే ఉంటుంది. అందుకే సూరత్‌లో ఈ సరదా ఉన్నవాళ్లు ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకుంటారు. ఆ నీళ్లలో నత్త పిల్లలు ఉండే అవకాశం లేదు.

అవి వచ్చేది రాళ్ల మీద, పగడపు మొలకల అడుగున, వేరే ట్యాంకు నుంచి తెచ్చిన నాచులో, పాత ఫిల్టర్ స్పాంజిలో. రంధ్రాలున్న ‘లైవ్ రాక్’ ముక్క ఒక్కటి తెస్తే దానిలో దాగిన గుడ్లు, పిల్లలు, పురుగులు అన్నీ వస్తాయి.

ఇక్కడ చట్టం సంగతి చెప్పుకోక తప్పదు. కచ్ సింధుశాఖలో జామ్‌నగర్ తీరం వెంబడి దేశంలోనే తొలి మెరైన్ నేషనల్ పార్కు ఉంది. 1980లో దాన్ని అభయారణ్యంగా, 1982లో జాతీయ పార్కుగా ప్రకటించారు. అక్కడి నుంచి రాయి ముక్క కూడా తీసుకురాకూడదు. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. 2022 సవరణ తర్వాత, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త షెడ్యూళ్లలోనూ అవి మొదటి జాబితాలోనే ఉన్నాయి. కాబట్టి ‘ఒరిజినల్ సముద్రపు రాయి’ అంటూ ఎవరైనా అమ్మజూపితే నత్తల గురించి కాదు, ముందు ఆ రాయి ఎక్కడిదో అడగాలి. సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసిన రాళ్లు మార్కెట్లో దొరుకుతాయి. కాస్త ఆలస్యమైనా వాటి మీదా బ్యాక్టీరియా పెరుగుతుంది.

ముందు అది నత్తేనా?

అద్దానికి అంటుకుని కదలకుండా ఉన్న తెల్లటి చుట్టలు, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండేవి, నత్తలు కావు. అవి స్పైరార్బిడ్ అనే పురుగులు కట్టుకున్న సున్నపు గూళ్లు. భూతద్దంలో చూస్తే చుట్ట చివర చిన్న విసనకర్రలాంటిది బయటికి వచ్చి నీటిలోని రేణువుల్ని పట్టుకుంటూ ఉంటుంది. ఎవరికీ హాని చేయవు. బ్లేడుతో గీకితే రాలిపోతాయి, మళ్లీ వస్తాయి. ఫిల్టర్ లోపల, పంపు చుట్టూ ఇవి వందల్లో ఉండటం మామూలే.

ఎనిమిది పలకలు వరుసగా పేర్చినట్టు వీపున్న చదునైన జీవి కైటన్. చైనా టోపీలాంటి గుల్లతో రాయికి అతుక్కున్నది లింపెట్. మొదటిది నత్తలకు దూరపు చుట్టం, రెండోది నత్త జాతే. రెండూ ఎక్కువగా పాచి తినేవే.

చూడాల్సింది నాలుగే

దొరికినదాన్ని చిన్న తెల్ల గిన్నెలో, ట్యాంకు నీళ్లలోనే వేసి, కింద గ్రాఫ్ కాగితం పెట్టండి. ఒక గడి ఒక మిల్లీమీటరు కాబట్టి కొలత దానంతట అదే తెలుస్తుంది. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్సు ఉంటే మూడు ఫొటోలు తీయాలి: పైనుంచి, పక్కనుంచి, బోర్లా తిప్పి నోటివైపు నుంచి. చాలామంది పైనుంచి మాత్రమే తీస్తారు. అసలు సమాచారం అంతా అడుగున ఉంటుంది. గుల్ల రంగును మాత్రం నమ్మవద్దు. ఒకే తల్లి పిల్లల్లో రంగులు మారతాయి, పైగా గుల్ల మీద పాచి పడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

మొదట చూడాల్సింది గుల్ల నోరు. అంచు గుండ్రంగా, ఎక్కడా తెగకుండా ఉంటే అది ఎక్కువగా పాచి గీక్కుని తినే రకం. అంచులో ముందువైపు చిన్న గాడి ఉండి, అందులోంచి తొండంలాంటి గొట్టం బయటికి వస్తుంటే వాసన పట్టి తిండి వెతుక్కునే రకం కావచ్చు. మాంసం తినేవి ఎక్కువగా ఈ గుంపులోనే ఉంటాయి. అయితే గాడి ఉన్నవన్నీ వేటగాళ్లు కావు. సెరిత్ నత్తలకు గాడి ఉంటుంది, కానీ అవి తినేది పాచి, ఇసుకలోని మురికి.

రెండోది మూత. నత్త లోపలికి ముడుచుకున్నాక తలుపులా అడ్డం వచ్చే పలక ఇది. తెల్లగా, మందంగా, సున్నంతో చేసినట్టుంటే టర్బో నత్తల బంధువు. గోధుమ రంగులో, పల్చగా, గోరులా ఉంటే ట్రోకస్ బంధువు కావచ్చు. పైనుంచి చూస్తే ఈ రెండు గుంపుల పిల్లలూ ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయడానికి ఇంతకంటే తేలికైన ఆనవాలు లేదు.

మూడోది అది కూర్చున్న చోటు. నాలుగోది బయటికి వచ్చే వేళ. ఈ రెంటి కోసమే రాత్రుళ్లు మేల్కోవాలి. తెల్ల వెలుతురు పడగానే చాలా నత్తలు ముడుచుకుంటాయి కాబట్టి టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టుకుంటే మంచిది. పాచి ఉన్న అద్దం మీద తిరుగుతున్న నత్తను చూసి భయపడాల్సిన పని దాదాపు లేదు. ప్రతి రాత్రీ అదే పగడం మీద, లేదా ఇంకో నత్త గుల్ల అంచున తచ్చాడుతున్నది కనిపిస్తే అప్పుడు జాగ్రత్త పడాలి.

ఎక్కువ ఇళ్లలో కనిపించేవి

అయిదు మిల్లీమీటర్లకు మించని, గుండ్రటి, గోధుమ, తెలుపు చుక్కలున్న నత్తలు రాత్రిపూట వందల్లో కనిపిస్తున్నాయంటే అవి చాలావరకు కొలోనిస్టా. తెల్లని సున్నపు మూత ఉంటుంది. పగలు రాళ్ల సందుల్లో దాక్కుంటాయి. వీటినే చాలామంది ‘టర్బో పిల్లలు’ అనుకుని పెద్దవుతాయని ఎదురు చూస్తారు. అవి అప్పటికే పెద్దవి, ఇక పెరగవు. అద్దం మీది పాచిని, మనం చేరలేని మూలల్లోని పాచిని తినేస్తాయి. పాచి తగ్గితే వాటి సంఖ్యా తగ్గుతుంది. నా ఉద్దేశంలో వీటిని డబ్బిచ్చి కొన్నా నష్టం లేదు, ఉచితంగా వచ్చినవాటిని చంపడం ఎందుకు?

స్టోమటెల్లాను చూస్తే గుల్ల ఉన్న నత్త అనిపించదు. వీపు మీద చిన్న చెవి ఆకారపు గుల్ల, దాని చుట్టూ బయటికి పొంగిన పెద్ద పాదం. మూత ఉండదు, లోపలికి పూర్తిగా ముడుచుకోలేదు. నత్తనడక అనే మాట దీనికి వర్తించదు, వెలుతురు పడితే గబగబా పారిపోతుంది. పట్టుకుంటే బల్లి తోక వదిలినట్టు పాదం చివరి ముక్కను తెంపేసుకుంటుంది. అప్పుడప్పుడూ సాయంత్రం వేళ రాయి మీదికెక్కి పొగ వదిలినట్టు తెల్లగా ఏదో విడుస్తుంది. అది వ్యాధి కాదు, సంతానోత్పత్తి.

సంఖ్య పెరగడం కూడా ఒక ఆనవాలే. సముద్రపు నత్తల్లో చాలావాటి పిల్లలు వారాల తరబడి నీటిలో తేలుతూ, సూక్ష్మజీవుల్ని తింటూ పెరగాలి. ఇంటి ట్యాంకులో పంపు, ఫిల్టర్ వాటిని అంతవరకు బతకనివ్వవు. కొలోనిస్టా, స్టోమటెల్లా పిల్లలకు ఆ తేలే దశ చాలా చిన్నది. అందుకే అవి ట్యాంకులోనే తరతరాలుగా నిలబడతాయి. నసారియస్ లాంటివి ఎన్ని గుడ్లు పెట్టినా పిల్లలు మనకు కనపడవు.

నసారియస్ ఇసుకలో ఉంటుంది. గొట్టం ఒక్కటే పైకి కనిపిస్తుంది. చేపలకు మేత వేయగానే ఇసుకంతా లేచినట్టు బయటికి వస్తాయి. చచ్చిన చేపను, మిగిలిన మేతను తింటాయి. బతికున్న చేపను చంపిందని దీని మీద వచ్చే అభియోగం సాధారణంగా తప్పు. అది వెళ్లేసరికే చేప చచ్చిపోయి ఉంటుంది, లేదా చావుకు దగ్గరగా ఉంటుంది.

గుజరాత్ తీరపు రాళ్ల మీద తరచుగా కనిపించే లూనెల్లా కొరొనాటా పిల్లలు కూడా కొన్నిసార్లు రాళ్లతో వస్తాయి. గుల్ల చుట్టూ బుడిపెలు, సున్నపు మూత. ఇవి ఆటుపోట్ల మధ్య బతికేవి కావడంతో నీటి మట్టానికి పైకి ఎక్కి, మూత సరిగా లేకపోతే నేల మీద పడతాయి. అయితే ఒక రకం కాదు, అన్ని రకాల నత్తలూ ఒకేసారి పైకి ఎక్కుతుంటే అది నత్తల సమస్య కాదు, నీటి సమస్య. అమ్మోనియా, ఉప్పు శాతం, ఉష్ణోగ్రత చూడాలి. సూరత్ ఎండాకాలంలో రెండు గంటలు కరెంటు పోతే ట్యాంకు నీరు ఎంత వేడెక్కుతుందో, ఆవిరై ఉప్పు ఎంత చిక్కబడుతుందో చెప్పడానికి ఈ నత్తలకంటే ముందుగా స్పందించే పరికరం చాలా ఇళ్లలో ఉండదు.

తీసేయాల్సినవి

తెల్లగా, బియ్యపు గింజలా, మొనదేలి, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవుండేవి పిరమిడెల్లిడ్‌లు. గీకి తినే నాలుక వీటికి లేదు. సూదిలాంటి తొండాన్ని ఇతర నత్తల, ఆలిచిప్పల మెత్తని దేహంలోకి గుచ్చి రసం పీలుస్తాయి. రాత్రిపూట ట్రోకస్, టర్బో నత్తల గుల్ల అంచుల్లో గుంపుగా కనిపిస్తాయి. చిన్న సెరిత్‌లు కూడా దూరం నుంచి ఇలాగే ఉంటాయి కాబట్టి కూర్చున్న చోటే తీర్పు చెప్పాలి. అద్దం మీద పాచి తింటుంటే సెరిత్, ఇంకో నత్త అంచున వేలాడుతుంటే ఇది. పట్టిన నత్తను బయటికి తీసి, ట్యాంకు నీళ్లలోనే మెత్తని బ్రష్షుతో గుల్లను తోమాలి. గుల్ల మీద జిగురులాంటి గుడ్ల ముద్దలుంటే అవీ పోవాలి. కొన్ని వారాలు వరుసగా చేస్తేనే ఫలితం.

హీలియాకస్‌ను గుర్తుపట్టడం తేలిక. చదునుగా చుట్టిన గుల్ల, దాని మీద గోధుమ, తెలుపు గళ్లు, శంకువులా చుట్టిన మూత. జోయాంథిడ్‌లు అనే పువ్వుల్లాంటి జీవుల మధ్య దాక్కుని వాటినే తింటుంది. అవి ఒక్కొక్కటిగా ముడుచుకుని మళ్లీ విచ్చుకోకపోతే వాటి మొదళ్ల దగ్గర వెతకాలి. పట్టకారుతో తీసేస్తే సరిపోతుంది.

తెల్లవారేసరికి చిన్న నత్తల ఖాళీ గుల్లలు దొరుకుతూ, వాటి మీద డ్రిల్లు వేసినట్టు గుండ్రటి రంధ్రం ఉంటే ట్యాంకులో మ్యూరెక్స్ కుటుంబం లాంటి వేట నత్త ఉన్నట్టే. రొయ్య ముక్కను చిన్న సీసాలో పెట్టి రాత్రి వదిలితే అదే వచ్చి పడుతుంది.

అన్నిటికంటే విసిగించేవి వెర్మెటిడ్‌లు. ఇవి నత్తలే కానీ పాకవు. గుల్లను రాయికి అతికించుకుని గొట్టంలా పెరుగుతాయి, సాలెగూడులాంటి జిగురు దారాలు వదిలి, వాటిలో చిక్కినదంతా లాక్కుని తింటాయి. ఆ దారాలు తగిలిన పగడాలు విచ్చుకోవు. ఫ్రెంచ్ పాలినేషియాలోని మూరియా ద్వీపంలో పెద్ద రకం వెర్మెటిడ్ మీద చేసిన పరిశోధన 2010లో వెలువడింది. దాని పక్కనున్న పగడాల పెరుగుదల 81 శాతం వరకు తగ్గినట్టు అందులో తేలింది. మన ట్యాంకుల్లో ఉండేవి అంతకంటే చాలా చిన్నవి, కానీ పద్ధతి ఒకటే. గొట్టాన్ని విరిచి, మిగిలిన రంధ్రం మీద సయనోయాక్రిలేట్ జెల్ గ్లూ చుక్క పెట్టి మూసేయడమే ఇంట్లో చేయగలిగిన చికిత్స. చేతికి తొడుగు వేసుకోండి, విరిగిన గొట్టాలు బ్లేడులా కోస్తాయి.

కోన్ నత్త మాత్రం వేరే విషయం. ట్యాంకులోకి దానంతట అది రావడం అరుదు. అందమైన శంకువు ఆకారపు గుల్లను తీరంలో ఏరి, లోపల ప్రాణి ఉందని తెలియక ఇంటికి తెచ్చేవాళ్లకే ప్రమాదం. కోనస్ జియోగ్రాఫస్ విషానికి మనుషులు చనిపోయారు. ఆ ఆకారం కనిపిస్తే ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు.

మందు, మరిగే నీళ్లు

నత్తల్ని చంపడానికి అమ్మే మందుల్లోనూ, చేపలకు తెల్లమచ్చల వ్యాధి వస్తే వేసే మందుల్లోనూ తరచుగా ఉండేది రాగి. వెన్నెముక లేని జీవులన్నిటికీ అది విషం. నత్తతో ఆగదు. రొయ్య, పీత, పగడం, నక్షత్ర చేప అన్నీ పోతాయి. పైగా సున్నపు రాళ్లు రాగిని పీల్చుకుంటాయి. వందల నత్తలు ఒకేసారి రాళ్ల సందుల్లో చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరిగి చేపలు కూడా మిగలవు. చేపకు రాగి మందు తప్పనిసరైతే దాన్ని వేరే ట్యాంకులోకి మార్చి వేయాలి.

రాళ్లు మరిగించడం ఇంకా ప్రమాదకరం. కొన్ని జోయాంథిడ్‌లలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో తెలిసిన అత్యంత తీవ్రమైన విషాల్లో అదొకటి. వేడి చేస్తే అది నశించదు, ఆవిరితో కలిసి గదంతా వ్యాపిస్తుంది. 2018లో బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో అక్వేరియం పగడాలను శుభ్రం చేస్తుండగా ఇదే జరిగింది. కుటుంబ సభ్యులతో పాటు సాయానికి వెళ్లిన సిబ్బందిని కూడా ఆసుపత్రికి తరలించారు. మైక్రోవేవ్, ప్రెషర్ కుక్కర్, బ్రష్షుతో గట్టిగా తోమడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. వంటిల్లు, హాలు ఒకటే గదైన ఫ్లాట్‌లో ఈ ప్రయోగం అసలు చేయకూడదు.

తీసినవాటిని ఎక్కడ వేయాలి?

తాపీలో కాదు, డుమస్ ఒడ్డున కాదు, డ్రైనేజీలో కాదు. ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచి, తర్వాత చెత్తలో వేయాలి. ట్యాంకు నీళ్లు కూడా వర్షపు నీటి కాలువలోకి పోయకూడదు.

అరచేతిలో పట్టే జీవి ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లకు విశాఖపట్నం ఉదాహరణ ఉంది. మధ్య అమెరికా తీరాలకు చెందిన మైటిలోప్సిస్ సాలీ అనే చిన్న ఆలిచిప్ప 1967లో విశాఖ హార్బర్‌లో బయటపడింది. అది వచ్చింది అక్వేరియం నుంచి కాదు, ఓడల ద్వారా. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర ఆచార్యుడు పి.ఎన్. గణపతి, మరో ఇద్దరు పరిశోధకులు 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో దాని గురించి రాశారు. అది ఓడల అడుగున, గోడల మీద గుత్తులుగా పెరిగి మిగతా జీవులకు చోటు లేకుండా చేస్తుంది. దాన్ని వదిలించుకోవడం ఇక్కడ సాధ్యం కాలేదు. అదే జీవి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ మెరీనాల్లో కనిపించినప్పుడు అక్కడి ప్రభుత్వం మెరీనాలను మూసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోసి నిర్మూలించింది. ఆ మెరీనాల నీటిలో మిగతా జీవులూ దానితో పాటే పోయాయి. తొందరగా గుర్తుపట్టారు కాబట్టే అదైనా కుదిరింది.

కొత్త జాతులు కూడా ఇలాగే బయటపడుతుంటాయి. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దగ్గర 2009లో కృత్రిమ దిబ్బ కోసం ముంచిన వాండెన్‌బర్గ్ అనే ఓడ మీద పెరుగుతున్న వెర్మెటిడ్, శాస్త్రానికే తెలియని జాతి అని 2017లో తేలింది. షికాగో ఫీల్డ్ మ్యూజియం పరిశోధకుడు రూడిగర్ బీలర్ బృందం దానికి థైలకోడెస్ వాండ్యెన్సిస్ అని పేరు పెట్టింది. అది పసిఫిక్ నుంచి వచ్చిందని వాళ్ల అనుమానం.

ఇంట్లో దొరికిన నత్తకు జాతి పేరు వరకు వెళ్లడం చాలాసార్లు కుదరదు. మూడు మిల్లీమీటర్ల గుల్లకు సూక్ష్మదర్శిని, కొన్నిసార్లు డీఎన్‌ఏ పరీక్ష కావాలి. ఉంచాలా తీయాలా అనే నిర్ణయానికి కుటుంబం తెలిస్తే చాలు. అంతకంటే తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే కొలతతో, మూడు వైపుల ఫొటోలతో ఐనేచురలిస్ట్‌లో పెట్టవచ్చు, ‘పెంపకంలో ఉన్నది’ అని గుర్తు పెట్టడం మరవకూడదు. లేకపోతే సూరత్ మ్యాపు మీద ఎక్కడో ఇండోనేషియా నత్త కనిపిస్తుంది. పేర్ల స్పెల్లింగు, తాజా వర్గీకరణ కోసం వోర్మ్స్ అనే ప్రపంచ సముద్ర జీవుల పట్టిక ఉచితంగా అందుబాటులో ఉంది. భారత తీరాల నత్తలకు జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 2003లో ప్రచురించిన ఎన్.వి. సుబ్బారావు ‘ఇండియన్ సీషెల్స్’ మొదటి భాగం ఇప్పటికీ పనికొచ్చే పుస్తకం. అందులోని పేర్లు కొన్ని ఆ తర్వాత మారాయి కాబట్టి వోర్మ్స్ పక్కన పెట్టుకుని చదవాలి.